దిండు మార్చినా తగ్గని మెడనొప్పి

బెంగళూరుకు వచ్చిన నాలుగో ఏట మొదలైన మెడనొప్పికి నేను మూడు దిండ్లు, ఒక కుర్చీ మార్చాను. కడుపులో మంటకు ఎండోస్కోపీ చేయించుకుంటే అందులో ఏమీ తేలలేదు. ఏమీ లేదన్నందుకు సంతోషించవలసింది పోయి, ఆ డాక్టరు గారు ఏదో చూడకుండా వదిలేశారేమోనని రాత్రంతా మేలుకున్నాను.

అనంతపురం నుంచి అమ్మ రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోను చేస్తుంది. ఎనిమిదీ పది దాటితే చాలు, ఆమె స్నానాలగదిలో జారిపడిందని, పక్కింటివాళ్లు తలుపు తట్టి తట్టి వెళ్లిపోయారని నా మనసు కథ అల్లేసేది. "సీరియల్ చూస్తా మర్చిపోయినా నాయినా" అని ఆమె అనగానే ఆ భయం పోయేది గానీ, అదే చోట ఇంటి అప్పు వాయిదా, పిల్లవాడి దగ్గు, సోమవారం ఆఫీసులో జరగబోయే సమీక్ష వచ్చి కూర్చునేవి. విషయాలు మారుతున్నా ఆరాటం మారడం లేదని నాకు తట్టలేదు. దానిని బాధ్యత అనుకున్నాను. మన ఇళ్లలో దిగులుపడేవాడికి మంచి పేరే ఉంటుంది.

చివరికి కడుపు డాక్టరే నన్ను సైకియాట్రిస్టు దగ్గరకు పంపారు. ఆవిడ ఇచ్చిన, ఆందోళన ఎంత ఉందో కొలిచే జీఏడీ-7 అనే కాగితంలో ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు ఉంటాయి. మొత్తం 21లో 10 గానీ అంతకు మించి గానీ వస్తే లోతుగా పరిశీలిస్తారు. నాకు 16 వచ్చాయి. అయితే కాగితం ఒక్కటే జబ్బును తేల్చదు. కనీసం 6 నెలలుగా, ఎక్కువ రోజులు, పలు విషయాల మీద అదుపు చేసుకోలేని ఆందోళన ఉండి, దానికి తోడు స్థిమితం లేకపోవడం, అలసట, ఏకాగ్రత కుదరకపోవడం, చిరాకు, కండరాల బిగువు, నిద్రలేమి అనే ఆరింటిలో మూడైనా కనిపిస్తేనే దీనిని జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్, అంటే అన్నిటి మీదా ఆందోళన పాకే జబ్బు, అంటారు. థైరాయిడ్ తేడా, కాఫీ కూడా ఇలాంటి ఆరాటం తేగలవు కనుక థైరాయిడ్ పరీక్ష కూడా రాసి, రోజుకు ఎన్ని కాఫీలు తాగుతానని అడిగారు. ఆరని చెప్పడానికి సిగ్గుపడి నాలుగన్నాను.

అంతకుముందు ఒక మిత్రుడిచ్చిన ఆల్‌ప్రజోలామ్ మాత్ర ఆ రాత్రికే హాయినిచ్చింది కనుక అదే రాయమన్నాను. అలవాటు పడే మందు కాబట్టి రాయనని, ఆందోళనకు నెమ్మదిగా పనిచేసే ఎసిటలోప్రామ్ అనే మందు ఇచ్చారు. మొదటి వారం వికారం, గాబరా రెండూ పెరిగాయి. నాలుగో వారానికి గానీ మెడ వదులు కాలేదు. బాగుందని మనంతట మనం దీనిని ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించుకోవాలి.

మందుతో పాటు, ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చుకునే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ కూడా నడిచింది. ఖర్చు, దూరం అడ్డమయ్యే బంధువులకు నేను చెప్పేది 14416 నంబరు: బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ సమన్వయం చేసే, ఫోనులో మానసిక సాయం అందించే టెలి మానస్ సేవ అది, 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులోనూ ఉచితంగా మాట్లాడతారు.

థెరపీలో నాకిచ్చిన పని ఒకటే. అమ్మ ఫోను ఆలస్యమైతే తొమ్మిది వరకు నేను చేయకూడదు, నా ఊహను నోటుపుస్తకంలో రాసి, అసలు జరిగింది పక్కన రాయాలి. ఇప్పటికి 41 వరుసలయ్యాయి. 38 సార్లు సీరియల్, రెండుసార్లు ఛార్జింగ్ అయిపోవడం, ఒకసారి పక్కింట్లో పెళ్లి.