టూల్ కంటే ముందు ఎల్ఎంఎస్

ట్రైనింగ్ కోర్సులు చేసే సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు అందరి కళ్లూ యానిమేషన్ల మీదే. ముందు అడగాల్సింది మాత్రం, క్లయింట్ ఎల్ఎంఎస్ (కోర్సులు నడిపి, ఎవరు ఎంతవరకు చేశారో నమోదు చేసే సిస్టమ్) ఏ స్కార్మ్ వెర్షన్ తీసుకుంటుందని. కోర్సూ ఎల్ఎంఎస్సూ మాట్లాడుకునే ప్రమాణమే స్కార్మ్.

స్కార్మ్ 1.2 అయితే, నేర్చుకునేవాళ్లు ఎక్కడ ఆగారో దాచుకునే సస్పెండ్ డేటాకి 4,096 అక్షరాలే చోటు. కోర్సులు తయారుచేసే స్టోరీలైన్ టూల్‌లో స్లయిడ్లు, వేరియబుల్స్ (కోర్సు గుర్తుపెట్టుకునే విలువలు) పెరిగేకొద్దీ అది నిండిపోతుంది. ఆ తర్వాత కోర్సు సగంలో ఆపి మళ్లీ తెరిస్తే వెనకటి స్లయిడ్‌కో, మొదటికో వెళ్లిపోవచ్చు. చాలామంది టూల్‌ని తప్పుపడతారు, పాపం దాని తప్పేం లేదు. కోర్సును చిన్న మాడ్యూళ్లుగా విడగొట్టండి. ఎల్ఎంఎస్ ఒప్పుకుంటే స్కార్మ్ 2004 నాలుగో ఎడిషన్‌లో పబ్లిష్ చేయండి, అందులో 64,000 అక్షరాల దాకా పడతాయి.

ఎక్కువమంది ఫోన్లో చదివేవాళ్లయితే స్టోరీలైన్ స్లయిడ్ మొత్తంగా చిన్నదైపోతుంది, అక్షరాలు చదవలేరు. రైజ్ అనే మరో టూల్ తెరకు తగ్గట్టు సర్దుకుంటుంది, కానీ ట్రిగ్గర్లతో (ఇది నొక్కితే అది జరగాలి లాంటి ఆదేశాలతో) ఆడుకునే స్వేచ్ఛ తక్కువ. క్లయింట్ దగ్గర పవర్‌పాయింట్లే ఉంటే వాటినే కోర్సుగా మార్చే ఐస్ప్రింగ్ చాలు.

లైసెన్సు కొనకముందే, ట్రయల్ వెర్షన్‌లో మూడు స్లయిడ్లు చేయండి: ఒక వీడియో, ఒక క్విజ్, కాస్త తెలుగు టెక్స్ట్. క్లయింట్ ఎల్ఎంఎస్‌లోనే ఎక్కించి, మధ్యలో మూసి, మళ్లీ తెరవండి. ఒత్తులు విడిపోయాయేమో, స్కోరు రిపోర్టులో పడిందో లేదో కళ్లారా చూడండి.