ఆయిల్ లైటు ఆరింది, పంపు మార్చలేదు: నా అనుభవం

బండి మారుతి ఎస్టీమ్, 1298 సీసీ పెట్రోల్ ఇంజిన్. వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే, ఆయిల్ ప్రెషర్ తగ్గితే వెలిగే ఎర్ర లైటు మిణుకుమనేది, యాక్సిలరేటర్ తొక్కితే ఆరేది. ఒక షెడ్డులో ఆయిల్ పంపు మార్చాలన్నారు. ఇంకో షెడ్డులో చిక్కటి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోస్తే లైటు రాదన్నారు. మూడోచోట ఆ లైటుని వెలిగించే ప్రెషర్ స్విచ్ మార్చమన్నారు. ముగ్గురిలో ఒక్కరూ ప్రెషర్ గేజీ పెట్టి చూడలేదు. దీని మీద నాకింకా కోపం పోలేదు. ఆ స్విచ్ చదరపు సెంటీమీటరుకి 0.2 నుంచి 0.4 కేజీ మధ్య పనిచేస్తుంది. అంటే లైటు వెలిగేసరికి ప్రెషర్ దాదాపు లేనట్టే. చిక్కటి ఆయిల్ పోస్తే లైటు ఆరుతుందేమో గానీ జబ్బు అలాగే ఉంటుంది.

స్విచ్ విప్పి, ఆ రంధ్రంలోనే గేజీ బిగించాలి. అక్కడ ఉండేది 1/8 అంగుళం టేపర్ థ్రెడ్, అంటే పోనుపోను సన్నబడే మర. మామూలు సమాన థ్రెడ్ ఉన్న అడాప్టర్ బలవంతంగా తిప్పితే బ్లాక్ పాడవుతుంది. చల్లటి ఇంజిన్‌లో ఐడిలింగ్‌లో 1.6 కేజీ మాత్రమే వచ్చింది. రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయ్యేదాకా వేడిచేశాక ఐడిలింగ్‌లో 0.3, 4000 ఆర్‌పీఎం దగ్గర 1.7. ఆ వేగంలో 3 నుంచి 4.3 దాకా ఉండాలి.

పంపు చేసే పని ఆయిల్‌ని తోయడం వరకే. ఆ ఆయిల్ బేరింగుల సన్నని సందుల్లోంచి దూరి వెళ్ళాలి కాబట్టి వెనక ప్రెషర్ నిలబడుతుంది. అందుకని గేజీ అంకెలు ఎప్పుడు ఎలా మారుతున్నాయో చూస్తే తప్పు చాలావరకు తెలిసిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడిలింగ్‌లో మాత్రమే పడిపోతే బేరింగులు అరిగాయనో, ఆయిల్ పల్చబడిందనో అనుమానించాలి. ఐడిలింగ్‌లో బాగుండి వేగం పెంచితే ముల్లు ఊగినా పడినా పంపుకి ఆయిల్ అందట్లేదు: పంపులోకి వెళ్ళే ఆయిల్‌ని వడకట్టే జాలీ మూసుకుపోయి ఉంటుంది, లేదా జాలీ పైపు రబ్బరు ఓ-రింగ్ గట్టిపడి గాలి పీలుస్తూ ఉంటుంది. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా, ఏ వేగంలోనైనా తక్కువే ఉంటే పంపు లోపల తిరుగుతూ ఆయిల్‌ని తోసే రోటర్లు అరిగి ఉండాలి, లేదా ప్రెషర్ మరీ పెరిగితే ఆయిల్‌ని వెనక్కి వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుని ఉండాలి. నాది ఈ చివరి రకం.

పంపు దాకా విప్పడం కష్టమేమీ కాదు, వరసగా ఇవి తీయాలి. బ్యాటరీ నెగటివ్, బెల్టులు, క్రాంక్ పుల్లీ, టైమింగ్ కవర్, టైమింగ్ బెల్ట్, సైలెన్సర్ ముందు పైపు, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబరు. టైమింగ్ మార్కులు కలిపాకే ఆ బెల్ట్ తీయాలి.

చాంబరు దించగానే అసలు దోషి కనిపించింది. అంతకుముందు ఎవరో దాన్ని బిగించేటప్పుడు ట్యూబు సిలికాన్ అంతా పూసేశారు. బయటికి వచ్చింది తుడిచారు. లోపలికి పిండుకుపోయింది మాత్రం చిక్కుడు గింజలంత ముద్దలై వేలాడుతోంది. ఊడిపడినవి జాలీకి సగం మేర అంటుకున్నాయి. కారకుండా ఉండాలని చేసిన పనే ఇంజిన్ గొంతు నొక్కింది.

రోటర్లు కొలిచాను. బయటి రోటర్‌కీ కేసుకీ మధ్య ఫీలర్ గేజీ 0.17 మి.మీ. ఆడింది, పరిమితి 0.31. కేసు మీద స్టీల్ స్కేలు నిలబెట్టి చూస్తే పక్క సందు 0.07, పరిమితి 0.15. రోటర్ల మూత పలక మీద లోతైన గీతలూ లేవు. మార్చమన్న పంపులో రోటర్లు నిక్షేపంగా ఉన్నాయి.

ఇక మిగిలింది రిలీఫ్ వాల్వ్. రెండు సాయంత్రాలు తినేసింది ఇదే. సర్క్లిప్ (లాక్ రింగు) తీసేముందు, స్ప్రింగుని ఆపే రిటైనర్‌ని గుడ్డతో అదిమి పట్టాలి, లేకపోతే స్ప్రింగు ఎగిరి కంటికే తగలొచ్చు. రిటైనర్ వచ్చింది, స్ప్రింగు వచ్చింది, పిస్టన్ రాలేదు. మంచి వాల్వ్‌లో ఆయిల్ రాసిన పిస్టన్ దాని బరువుకే జారి అరచేతిలో పడాలి. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి లాగాలనిపిస్తుంది, అలా చేయకండి. కేసు అల్యూమినియం. ఒక్క గీత పడిందంటే పిస్టన్ మళ్ళీ అక్కడే పట్టేస్తుంది, అప్పుడు నిజంగానే పంపు మార్చాలి. రాత్రంతా డీజిల్‌లో నానబెట్టాను, కదల్లేదు. మర్నాడు కేసుని వేణ్ణీళ్ళలో పెట్టి వేడిచేసి, మూతి దగ్గర గుడ్డ కుక్కి, అవతలి రంధ్రంలోంచి గాలి కొద్దికొద్దిగా కొట్టాను. మూడోసారికి వచ్చింది. పిస్టన్ పక్కన వెంట్రుక కన్నా కొంచెం లావు సిలికాన్ పోగు నలిగి అతుక్కుని ఉంది. జాలీ దాటి, రోటర్ల మధ్య నలిగి, అక్కడ చేరింది. దానివల్ల వాల్వ్ పూర్తిగా మూసుకోక, పంపు తోసిన ఆయిల్‌లో చాలా భాగం తిరిగి వెనక్కే పోతోంది.

1200 నంబరు గరుకు కాగితం ఆయిల్‌లో తడిపి పిస్టన్‌ని మాత్రం వేళ్ళతో తిప్పుతూ రుద్దాను. పిస్టన్ జారే బోరు జోలికి పోలేదు. స్ప్రింగు కింద వాషర్ వేస్తే ప్రెషర్ పెరుగుతుందని ఆటోనగర్‌లో సలహా వస్తుంది. వెయ్యకండి. చల్లటి ఉదయం స్టార్ట్ చేయగానే ఫిల్టర్ సీలు దగ్గర ఆయిల్ తన్నుకురావచ్చు.

బిగించేటప్పుడు రోటర్ల ఖాళీలన్నీ ఆయిల్‌తో నింపాలి. పొడిగా బిగిస్తే పంపు గాలి తోలుతుంది గానీ ఆయిల్ లాగదు. క్రాంక్ ముందువైపు సీలు, జాలీ ఓ-రింగ్, కాగితం గాస్కెట్ కొత్తవి. సీలు పెదవికి గ్రీజు రాసి, మడత పడకుండా క్రాంక్ మీదికి ఎక్కించాలి. పంపు బోల్టులు 11 న్యూటన్ మీటర్లు చాలు. పొట్టివీ పొడుగువీ ఉంటాయి, తారుమారు చేయొద్దు. ఆ తర్వాత గాస్కెట్ అడుగు అంచు చాంబరు కూర్చునే చోట బయటికి పొడుచుకొస్తుంది. బ్లేడుతో సమంగా కొయ్యకపోతే అక్కడే కారుతుంది. కారిందని మళ్ళీ ఎవడో ట్యూబు సిలికాన్ పూస్తాడు. చాంబరుకి సిలికాన్ 3 మి.మీ. సన్నటి గీత, బోల్టు రంధ్రాలకి లోపలి వైపు, అంతే.

కొత్త ఫిల్టర్ వేసి, మూడు లీటర్లు పోసి, మిగతాది డిప్‌స్టిక్ చూస్తూ కలిపాను. ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఇగ్నిషన్ కాయిల్ కనెక్షన్ పీకి, పది సెకన్ల చొప్పున నాలుగు సార్లు సెల్ఫ్ కొడితే గేజీ ముల్లు లేచింది. అప్పుడే స్టార్ట్ చేశాను. నిన్న రాత్రి వేడి ఇంజిన్‌లో ఐడిలింగ్‌లో 1.1 కేజీ, 4000 దగ్గర 3.6. గేజీ తీసి స్విచ్ బిగించాను. 500 కిలోమీటర్లు తిరిగాక ఈ ఫిల్టర్‌ని కోసి, మడతల్లో ఇంకా సిలికాన్ పోగులు చిక్కాయేమో చూడాలి.