76.9 ముందా, 76.73 ముందా: క్యాంపస్ ఉద్యోగం కోసం నా తిప్పలు

2022 ఆగస్టులో నరసరావుపేట నుంచి ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చాను. మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీ. బ్యాంకు లోను ఫీజుల వరకే. అద్దె, తిండి నా తిప్పలు నేను పడాలి. అప్పట్లో డాలరు దాదాపు 80 రూపాయలు. కాఫీ ధరని 80తో గుణించుకుని, తాగకుండానే వెనక్కి వచ్చేసేవాణ్ణి.

దిగిన మూడో రోజే వాట్సాప్ గ్రూపులో సీనియర్లని అడిగాను. పది నిమిషాల్లో అందరూ ఒకటే జవాబు: "డైనింగ్‌లో అప్లై చెయ్ తమ్ముడూ." అంటే యూనివర్సిటీ భోజనశాలలో. ఒకాయన మాత్రం విడిగా మెసేజ్ పెట్టాడు, గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ ఉంది, చేతికి క్యాష్ ఇస్తారు అని. మా స్టూడెంట్ వీసా ఎఫ్-1. దాని మీద అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేస్తే స్టేటస్, అంటే ఇక్కడ చట్టబద్ధంగా ఉండే హక్కు, పోతుంది. మా ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. ఆ ధైర్యం నాకు లేదని చెప్పేశాను.

క్యాంపస్‌లో అయితే సెమిస్టర్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటల దాకా చేసుకోవచ్చు, సెలవుల్లో ఫుల్‌టైమ్. డైనింగ్ హాలుని బయటి కాంట్రాక్టు కంపెనీ నడుపుతున్నా ఫర్వాలేదు, అది క్యాంపస్‌లో ఉండి విద్యార్థులకే సేవ చేస్తోంది కాబట్టి. అదే క్యాంపస్‌లో బిల్డింగ్ కట్టే కంపెనీలో చేరితే మాత్రం లెక్కలోకి రాదు.

నేను మొదట పెద్దదానికే గాలం వేశాను. అసిస్టెంట్‌షిప్, అంటే ప్రొఫెసర్ కింద బోధనలోనో పరిశోధనలోనో సాయం చేసే పని, వస్తే ఫీజు తగ్గుతుందని 43 మంది ప్రొఫెసర్లకు ఒకే మెయిల్ పంపాను, 'రెస్పెక్టెడ్ సర్' దగ్గర నుంచి చివరి ఫుల్‌స్టాప్ దాకా ఒకటే. అందులో ఆరుగురు మేడమ్‌లు. రెండు జవాబులు వచ్చాయి. ఒకటి ఫండింగ్ లేదని, రెండోది సెలవులో ఉన్నానని ఆటోమేటిక్‌గా వచ్చింది. తర్వాత యూనివర్సిటీ ఉద్యోగాల పోర్టల్లో కనబడిన ప్రతిదానికీ అప్లై చేశాను. వారం పోయాక తెలిసింది, వాటిలో ఎనిమిది 'వర్క్ స్టడీ' ఉద్యోగాలని. అది అమెరికా ప్రభుత్వం తన విద్యార్థులకిచ్చే ఆర్థిక సాయం, ఎఫ్-1 వాళ్ళకి రాదు. ఆ మాట ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, నేను పైన జీతం మాత్రమే చదివాను.

చివరికి డైనింగే. ఇంటర్వ్యూ ఐదు నిమిషాలు: శని ఆదివారాలు వస్తావా, ఎప్పుడు చేరతావు? గంటకి 11 డాలర్లు. నన్ను గిన్నెల గదిలో వేశారు. బెల్టు మీద ట్రేలు వరసగా వస్తూనే ఉంటాయి. ఒకరు మిగిలింది దులపాలి, ఒకరు యంత్రంలోకి తోయాలి, ఒకరు ఆవిరి కక్కుతున్న ప్లేట్లని అవతలి వైపు అందుకోవాలి. మొదటి రాత్రి వేళ్ళు కాలి రెండు ప్లేట్లు వదిలేశాను. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ నమ్మలేదు. "తిన్న కంచం తీసినవాడివి కాదు, నువ్వు అంట్లు తోముతున్నావా?" అని నవ్వి, ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కాగితాల పని ఇక్కడే మొదలైంది. జీతానికీ, పన్నులకీ అడిగే సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలంటే ముందు ఉద్యోగం చేతిలో ఉండాలి. డైనింగ్ వాళ్ళిచ్చిన ఆఫర్ లెటర్, విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఇంటర్నేషనల్ ఆఫీసు లెటర్, పాస్‌పోర్టు, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే వీసా పత్రం), ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) పట్టుకుని బస్సెక్కి సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి వెళ్ళాను. ఫీజు ఏమీ లేదు. కార్డు పోస్టులో రావడానికి రెండు వారాలు పట్టింది. అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు, దరఖాస్తు చేసి పని మొదలుపెట్టొచ్చు. ఇది తెలియక నా రూమ్మేట్ ఊరికే రెండు వారాలు ఇంట్లో కూర్చున్నాడు.

మొదటి పేస్లిప్ చూస్తే సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (వృద్ధుల వైద్యం) పన్నుల పేరుతో 7.65 శాతం కోత. మన ఎఫ్-1 విద్యార్థులకి, మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు, ఆ కోత ఉండదు. జీతాల విభాగానికి మూడుసార్లు తిరిగితే, ఆన్‌లైన్‌లో టాక్స్ స్టేటస్ వివరాలు నింపలేదన్నారు. నింపమని ఎవరూ చెప్పలేదు మరి. డబ్బు తిరిగొచ్చింది. మీ పేస్లిప్‌లో ముందు ఆ రెండు లైన్లే చూసుకోండి.

అక్టోబర్ వచ్చేసరికి పని మీద విసుగు పుట్టింది. కష్టమని కాదు. రాత్రి పదకొండుకి గదికొచ్చి, ఒంటికంటిన సబ్బు నీళ్ళు, చీజ్ వాసన పోయేదాకా స్నానం చేసి అసైన్‌మెంట్ తెరిస్తే బుర్ర పనిచేసేది కాదు. పైగా ఎన్ని నెలలు చేసినా నా గురించి ఎవరికైనా ఒక మంచి మాట రాసిచ్చే మనిషి అక్కడ లేడు. సూపర్‌వైజర్లు నెలకొకరు మారేవారు.

లైబ్రరీ సంగతి అనుకోకుండా తెలిసింది. పుస్తకం వాపసు ఇవ్వడానికి వెళ్తే డెస్క్ దగ్గర ఒక తెలుగు అక్క. మాటల్లో అంది: "డిసెంబర్‌లో నేను గ్రాడ్యుయేట్ అవుతున్నా, నా గంటలు ఖాళీ అవుతాయి. పోర్టల్లో పడ్డాక చూస్తే లాభం లేదు. నవంబర్‌లోనే వచ్చి సూపర్‌వైజర్‌కి కనబడు." నాకు దొరికిన సలహాలన్నిట్లో విలువైనది ఇదే. ఆగస్టులో అందరూ ఎగబడతారు. కానీ సీట్లు ఖాళీ అయ్యేది డిసెంబర్‌లో, మే నెలలో. ఎవరు వెళ్ళిపోతున్నారో ఆ డెస్క్ దగ్గరున్నవాళ్ళకే ముందు తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో పరీక్ష పెట్టారు. కాల్ నంబర్లు, అంటే పుస్తకం ఏ అరలో ఉండాలో చెప్పే నంబర్లు, రాసిన 20 కార్డులు వరసలో పేర్చాలి. క్యూఏ 76.9, క్యూఏ 76.73. తొమ్మిది చిన్నది, డెబ్బై మూడు పెద్దది అనుకుని 76.9 ముందు పెట్టాను. సూపర్‌వైజర్ పెన్సిల్‌తో ఆ చుక్కని తట్టి ఊరుకుంది. అప్పుడు వెలిగింది: 76 రూపాయల 90 పైసలు, 76 రూపాయల 73 పైసలు! గబగబా మార్చాను. "తప్పు చూపించాక వాదించనివాళ్ళు నాకు కావాలి" అంది. జనవరిలో చేరమంది.

గంటకి పదిన్నర డాలర్లే. అర డాలరు తక్కువకి వెళ్తున్నావా అని గదిలో అందరూ తిట్టారు. మొదట రెండూ చేద్దామనుకున్నాను, వారానికి డైనింగ్‌లో 14 గంటలు, లైబ్రరీలో 8. మొదటి వారంలోనే ఇంటర్నేషనల్ ఆఫీసు నుంచి మెయిల్: 20 గంటలంటే అన్ని ఉద్యోగాలూ కలిపి. అదృష్టం కొద్దీ ఆ వారం రెండు గంటలు లైబ్రరీ షిఫ్ట్ రద్దయింది, సరిగ్గా 20 దగ్గర ఆగాను. లేకపోతే ఏమయ్యేదో అని ఇప్పటికీ టెన్షనే. డైనింగ్ మానేశాను.

రాత్రి డెస్క్‌లో పది దాటాక ఎవరూ రారు. చదువుకోవచ్చని చెప్పే పెట్టుకున్నారు. ఒకరోజు నాలుగో అంతస్తులో పుస్తకాలు సర్దుతుంటే తెలుగు సాహిత్యం కాల్ నంబరు పీఎల్ 4780 దగ్గర విజయవాడలో అచ్చైన పాత నవలలు కనబడ్డాయి, రేకుల్లా పెళుసుబారిన కాగితాలు. ఇక్కడికెలా వచ్చాయని అడిగాను. పీఎల్-480 చట్టం కింద అమెరికా మనకు గోధుమలు అమ్మి రూపాయల్లో డబ్బు తీసుకుంది, ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ ఆఫీసు మన భాషల పుస్తకాలు కొని ఇక్కడి యూనివర్సిటీలకు పంపింది. రేషన్లో వచ్చిన ఆ అమెరికా గోధుమల రొట్టెలు గొంతు దిగేవి కావని మా తాతయ్య చెప్పేవాడు.

తెలుగు చదవడం వచ్చా అని అడిగారు ఆ వారమే. కేటలాగులో ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేర్ల పక్కన తెలుగు లిపిలోనూ చేర్చాలట. అలా చేర్చేటప్పుడు దొర్లే తప్పుల్ని పట్టుకోవడానికి చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. ఫీజు మాఫీ ఏమీ రాలేదు. గంటకి 15 డాలర్లయింది, రెజ్యూమేలో చెప్పుకోవడానికి నిజమైన పని ఒకటి దొరికింది, ఉద్యోగాలకి రెఫరెన్స్ ఇచ్చింది కూడా ఆ పెన్సిల్ సూపర్‌వైజరే.

2024 ఏప్రిల్‌లో, నేను వెళ్ళిపోయే ముందు, డైనింగ్‌లో చేస్తున్న ఒక తమ్ముణ్ణి తీసుకెళ్ళి ఆవిడకి చూపించాను. పరీక్ష రాసొచ్చి ఎలా చేశానో తెలియదన్నాడు. 76.9 ఎక్కడ పెట్టావురా అంటే, "ముందే కదన్నా?" అన్నాడు.