బెజవాడ రోడ్ల మీద ఎదురుగాలే మన ఘాట్

బెజవాడలో సైకిల్ తొక్కేవాళ్లలో ఎవరిని కదిపినా ఒకటే మాట. మనకి ఎక్కడానికి కొండల్లేవు కాబట్టి కాళ్లలో పవర్ రాదు, వైజాగ్ వాళ్లకైతే అరకు ఘాట్ ఉంది, వాళ్లతో మనకి పోటీ ఏంటి అని. నేనొప్పుకోను. అసలు కొండల్లేవన్న మాటే పూర్తిగా నిజం కాదు, కొండపల్లి కోటకీ, గుంటూరు వాళ్లకి దగ్గర్లో కొండవీడుకీ ఘాట్ రోడ్లున్నాయి. కాకపోతే పొద్దున తొక్కేసి ఆఫీసు టైముకి ఇల్లు చేరాల్సినవాడికి మామూలు రోజుల్లో అవి కుదరవు. కుదరకపోయినా నష్టం లేదు. చదును రోడ్డు మీద మనల్ని ఆపేది ఎత్తు కాదు, గాలి, అది వంతెన దాటగానే ఫ్రీగా దొరుకుతుంది.

కొంచెం లెక్క చూద్దాం. గాలి వెనక్కి నెట్టే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని చీల్చుకుపోవడానికి పెట్టాల్సిన పవర్ అయితే వేగం ఘనంతో. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకుంటే, గాలి లేని రోజు చదును మీద గంటకి 30 కిలోమీటర్లతో పోవడానికి సుమారు 160 వాట్లు చాలు. 35 కావాలంటే 235 దాకా పెట్టాలి. అంటే ఆ చివరి అయిదు కిలోమీటర్ల కోసం దాదాపు ఇంకో సగం పవర్ అదనం. ఇది తెలియక "ఫ్రేమ్ బరువెక్కువైంది అన్నా, కార్బన్‌కి మారితేగానీ లాభం లేదు" అనేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. కిలో బరువు తగ్గితే చదును మీద మిగిలేది ఒక వాట్ కూడా ఉండదు. అదే చేతులు డ్రాప్స్ (హ్యాండిల్ కింద వంపు) మీదకి దించి, మోచేతులు వంచి, తల భుజాల మధ్యకి తెచ్చుకుంటే 35 దగ్గర 20 వాట్ల దాకా మిగలొచ్చు. పైసా ఖర్చు లేదు, నడుముకి అలవాటు కావాలంతే. పొట్ట అడ్డమొస్తే అది వేరే సంగతి.

1972లో బెల్జియం సైక్లిస్ట్ ఎడీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు కొట్టింది మెక్సికో సిటీలో. రెండు వేల మీటర్ల పైన ఉన్న ఊరు, గాలి పలచన, అందుకే అక్కడిదాకా వెళ్లాడు. ఎండకి కూడా గాలి పలచబడుతుంది, ఆ లెక్కన మే నెల మనకీ కొద్దిగా కలిసి రావాలి, కానీ రోహిణి కార్తెలో గాలి ఇచ్చినదానికి నాలుగింతలు గుండె లాగేసుకుంటుంది.

ఇక ప్రాక్టీస్. మన గ్రూప్ రైడ్‌లు సరదాకి చాలా బాగుంటాయి, టిఫిన్ ఇంకా బాగుంటుంది. స్పీడ్ పెరగడానికి మాత్రం అవి సరిపోవు. కృష్ణ మీద వారధి దాటి మంగళగిరి వైపు వెళ్లి రావడం, ఎప్పుడూ అదే ఊపు, మరీ తేలికా కాదు మరీ కష్టమూ కాదు, అటు గంజీ కాకుండా ఇటు అన్నమూ కాకుండా. అలిసిపోతాం, కానీ శరీరం మారడానికి కావాల్సినంత దెబ్బ తగలదు. పైగా ముందువాడి చక్రం వెనకాల దూరితే పెట్టాల్సిన పవర్ పాతిక శాతం పైనే తగ్గుతుంది. రైడ్‌లు రికార్డు చేసే స్ట్రావా యాప్‌లో సగటు 32 కనబడితే అందులో మన వాటా ఎంతో ముందు తొక్కినవాడినే అడగాలి.

తేలిక రోజు నిజంగా తేలిగ్గా ఉండాలి. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, ఎవరో మోపెడ్ మీద అంకుల్ దాటేసినా పట్టించుకోకూడదు. మగాళ్లకి ఇదే అన్నిటికన్నా కష్టం. వారంలో ఎక్కువ రోజులు ఇలాగే పోవాలి. కష్టం రోజులు ఒకటి, మహా అయితే రెండు. ఆ రోజుల్లో మాత్రం దయ చూపకూడదు.

ఎదురుగాలి పనికొచ్చేది ఆ కష్టం రోజుల్లోనే. జూన్, జూలైల్లో పడమటి గాలి గట్టిగా వీస్తుంది. అమరావతిలో వెంకటపాలెం నుంచి దొండపాడు వైపు వెళ్లే సీడ్ యాక్సెస్ రోడ్డు ఇంచుమించు పడమటికే పోతుంది కాబట్టి గాలి తిన్నగా మొహానికి కొడుతుంది. ఎనిమిదేసి నిమిషాలు, నాలుగు సార్లు, మధ్యలో నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా. ఆ ఎనిమిది నిమిషాల్లో రెండు మూడు మాటలకి మించి నోట్లోంచి రాకూడదు, కానీ నాలుగోది కూడా మొదటిదానంత బలంగా రావాలి. మొదటిదాంట్లోనే ప్రాణం పెట్టేస్తే మూడోదానికి కథ అయిపోతుంది. ఘాట్‌లోలాగే ఎదురుగాలిలోనూ పెడల్ ఆపితే బండి వెంటనే చచ్చిపోతుంది, కాబట్టి మధ్యలో రెస్ట్ దొంగతనం చేసే వీలుండదు. స్పీడోమీటర్ 24 చూపిస్తుంది, చూడకండి. తిరిగొచ్చేటప్పుడు గాలి వీపున ఉంటుంది కదా, అప్పుడు గేర్ తేలిక చేసి పెడల్ నిమిషానికి 100, 110 సార్లు తిప్పండి. పవర్ అంటే పెడల్ మీద బలం ఒక్కటే కాదు, తిప్పే వేగం కూడా అందులో ఉంది. మనవాళ్లు పెద్ద గేర్‌లో 65 తిప్పుతూ మోకాళ్లు పోగొట్టుకుంటారు.

స్ప్రింట్ వేరే పని. పది పదిహేను సెకన్లు ఉన్నదంతా పెట్టి, తర్వాత అయిదు నిమిషాలు పూర్తిగా తేరుకుని, మళ్లీ. అయిదారు చాలు. తేరుకోకుండా వరసగా చేస్తే అది స్ప్రింట్ కాదు, ఉత్త ఆయాసం. ఇంట్లో బరువుతో స్క్వాట్లు, వారానికి రెండు సార్లు, దీనికి బాగా కలిసొస్తాయి. నలభై దాటినవాళ్లు అసలు మానకూడదు.

తిండి దగ్గర మా గ్రూపులో ఒక బాబాయ్ ఉన్నాడు, ఖాళీ కడుపుతో తొక్కితేనే కొవ్వు కరుగుతుందంటాడు. తేలిక రోజున సరే. కష్టం రోజున మాత్రం ముందు రెండు ఇడ్లీలైనా పడాలి, గంటన్నర దాటే రైడ్ అయితే గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్తూ ఉండాలి, రెండు అరటిపళ్లంటే ఆ మోతాదే. ఎండాకాలం నీళ్లలో చిటికెడు ఉప్పు తప్పనిసరి. తెల్లారుజామున చల్లగా ఉంటుందని మోసపోవద్దు, మన కృష్ణ ఒడ్డు ఉక్కకి చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అదే పవర్‌కి గుండె వేగం పది పదిహేను ఎక్కువ చూపిస్తుంది. ఆ రోజు వాట్లు తగ్గించుకోండి.

పెడల్ మీద పెట్టే వాట్లు కొలిచే పవర్ మీటర్ కొనాలా అంటే, డబ్బులుంటే కొనండి. ఇరవై నిమిషాలు తొక్కగలిగినంత గట్టిగా తొక్కి, వచ్చిన సగటులో 95 శాతం తీసుకుంటే అదే మీ ఎఫ్‌టీపీ, అంటే సుమారు గంటసేపు నిలబెట్టగలిగే పవర్, మిగతా ప్రాక్టీసంతా దాని మీద లెక్క. లేకపోతే ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ పట్టీ, ఒక స్టాప్‌వాచ్ చాలు. గాలి లేని తెల్లవారుజామున, లారీలు మొదలవక ముందే, వెనక లైటు వేసుకుని, ఒకే అయిదు కిలోమీటర్లు రెండు వైపులా తొక్కి టైము రాసిపెట్టుకోండి, నెలన్నరకోసారి మళ్లీ చూడండి. రెండు వైపులా అని ఎందుకంటున్నానంటే, సాయంత్రం పైరగాలి వీపున తోస్తే కొట్టిన రికార్డుల స్క్రీన్‌షాట్లు మా గ్రూపులో ఇప్పటికే కుప్పలున్నాయి.