సొంతూళ్ళో రూము తీసుకుంటారా ఎవరైనా

"పాలకొల్లులో మీ నాన్న కట్టిన ఇల్లుండగా దిండిలో రూము తీసుకుంటావా? ఊళ్ళో నలుగురికీ ఏం చెప్పుకోమంటావే?"

మా మేనత్త ఫోన్లో అడిగిన మాట ఇది. దిండి అంటే పాలకొల్లుకి దగ్గర్లోనే గోదారి ఒడ్డున ఊరు. మెల్‌బోర్న్‌లో నేను అంట్లు తోముకుంటున్నాను, ఫోను స్పీకర్లో ఉంది. మా ఆయన నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు.

అత్త కోపంలో న్యాయం లేకపోలేదు. మా వైపు సొంతూరొచ్చి లాడ్జీలో దిగారంటే ఆస్తి తగాదా అయినా అయ్యుండాలి, అల్లుడు అలిగైనా ఉండాలి. కానీ మా పెద్దాడికి ఆరేళ్ళు, చిన్నదానికి మూడు. కిందటిసారి వచ్చినప్పుడు రెండు వారాలూ ఇంట్లోనే ఉన్నాం. పొద్దున్న లేచింది మొదలు చూడ్డానికి వచ్చేవాళ్ళు, బుగ్గలు పుణికేవాళ్ళు, "తెలుగొచ్చా నాన్నా, ఏదీ ఓ పద్యం చెప్పు" అనేవాళ్ళు. పద్నాలుగో రోజు పెద్దాడు నా చెవిలో అడిగాడు: "అమ్మా, మన హాలిడే ఎప్పుడు స్టార్ట్ అవుతుంది?"

అందుకే ఈసారి నాలుగు రోజులు నీళ్ళ దగ్గర మేం నలుగురం, మిగతా రోజులన్నీ ఇంట్లో అనుకున్నాం. నాన్న ఊఁ అనలేదు, ఊఁహూఁ అనలేదు. పేపరు తిరగేశాడంతే.

బీచి అనగానే సముద్రానికి ఎదురుగా బాల్కనీ ఊహించుకుంటాం కదా. గోదారి డెల్టాలో అలా వెతక్కండి. మా అమ్మమ్మగారిది అమలాపురం పక్క పల్లె. 1996 నవంబరు 6 నాటి తుపాను తర్వాత వెళ్తే తోటలో తలకాయలున్న కొబ్బరిచెట్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. ఆ ఇల్లు సముద్రానికి అంత దూరాన ఉండబట్టే నిలబడిందని అమ్మమ్మ చాలా ఏళ్ళు చెప్పుకుంది. సముద్రం ఒడ్డున సరుగుడు తోటలూ వేటకెళ్ళేవాళ్ళ ఊళ్ళూ ఉంటాయి. బస మటుకు గోదారి పక్కన చూసుకుని, సముద్రానికి పొద్దున్నే వెళ్ళొచ్చేయడం మేలని నా లెక్క.

మొదట నాకు నచ్చినది ఓ హోంస్టే. మండువా లోగిలి, ఎర్రటి పెంకులు, వెనక 'లేక్ వ్యూ' అని ఫోటో. అడ్వాన్సు కట్టబోయే ముందు నాన్నని బండేసుకుని ఓసారి చూసిరమ్మన్నాను. నాన్న ఫోను చేసి, "లేకు కాదమ్మా, రొయ్యల చెరువు" అన్నాడు. వెనక ఏరియేటర్ల చప్పుడు నాకిక్కడికే వినిపిస్తోంది. రాత్రంతా అవి తిరుగుతూనే ఉంటాయి. ఆపితే రొయ్యకి గాలి అందదు. చప్పుడు సంగతలా ఉంచండి, పెరటి తలుపు తీస్తే ఎనిమిది అడుగుల్లో చెరువు గట్టు, మధ్యలో దడి కూడా లేదు.

ఇక్కడ ఆస్ట్రేలియాలో ఇంటి ఈత కొలనుకి 1.2 మీటర్ల ఎత్తు కంచె, దానంతటదే మూసుకుని గడియ పడే గేటు ఉండి తీరాలి. చట్టం అది. నా పిల్లలు నీళ్ళకీ తమకీ మధ్య గేటు ఉండడం చూసి పెరిగారు. డెల్టాలో చూద్దామా, ఇంటి ముందు కాలవ, వెనక చెరువు, పక్కన నుయ్యి. మా చిన్నప్పుడు నూతిలో బూచాడుండేవాడు, అదే మా 1.2 మీటర్లు. నా పిల్లలకి బూచాడంటే భయం లేదు, బొమ్మ గీసి చూపించమంటారు.

అందుకని ఈసారి గదులు చూసేటప్పుడు ఏసీ, టీవీల జోలికి వెళ్ళలేదు. దిండిలో ఒకచోట మేనేజరుగారితో మాట్లాడాను. దోమల జాలీ ఉందా అంటే "ఆయ్, ఉందండి." జనరేటరు? "ఆయ్, ఉందండి." కారం లేకుండా పప్పన్నం పొద్దున్న పదకొండుకే పెడతారా? "ఎందుకు పెట్టమండీ!" అన్నిటికీ ఆయ్ అంటుంటే నాకు అనుమానమొచ్చింది. మనవాళ్ళు కాదనడానికి మొహమాటపడతారు, అడిగే తీరు మనమే మార్చుకోవాలి. "రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోతే ఎవరొచ్చి జనరేటరు వేస్తారండీ?" అంటే అప్పుడు కాస్త ఆగి, "కుర్రోడు ఇంటికెళ్ళిపోతాడండి, నేనే వెయ్యాలి" అన్నాడు. ఆ నిజంతో ఆయన మీద నమ్మకం కుదిరింది. గది గుమ్మం నుంచి గోదారి దాకా నడుస్తూ వాట్సాప్‌లో వీడియో తీసి పంపమన్నాను. పాపం, పైకి లెక్కపెడుతూ నడిచాడు. కింది గదికి ఇరవై రెండు అడుగులు, మధ్యలో పిట్టగోడ. మేడ మీద గదికి రెయిలింగు ఊచల మధ్య చిన్నదాని తల దూరేంత సందు. కింది గదే తీసుకున్నాం.

తేదీల దగ్గర ఒక ముక్క. మా బడి సెలవులు డిసెంబరు చివర మొదలై జనవరి ఆఖరుదాకా ఉంటాయి, నడిమధ్య సంక్రాంతి. కోడిపందేలకి హైదరాబాదు మొత్తం భీమవరం వైపు దిగే ఆ రోజుల్లో గది దొరకదు, దొరికినా ధర వింటే కళ్ళు తిరుగుతాయి. ముక్కనుమ దాటించి వెళ్ళాం, అడిగిన ధర సగానికి దిగింది.

దిండి రేవులో పెద్దాడు పొద్దున్న ఆరు మెట్లు లెక్కపెట్టాడు. సాయంత్రం చూస్తే నాలుగే. "మిగతావి ఎవరు తీసేశారు?" అని నాన్నని పట్టుకున్నాడు. సముద్రం పోటెక్కితే గోదారి వెనక్కి నిండుతుందని నాన్న చెంబూ గిన్నె పెట్టి ఓ గంట పాఠం చెప్పాడు. ఆటు, పోటు అనే రెండు మాటలు ఆ రోజునుంచి మా ఇంట్లో పనికొస్తూనే ఉన్నాయి. బకెట్లో నీళ్ళు పొర్లినా "అమ్మా, పోటు!" అంటాడు.

మూడో రోజు మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది వెళ్ళాం. నరసింహస్వామి దర్శనం చేసుకుని సముద్రం దగ్గరకెళ్తే పెద్దాడు ఇసకలో ఆగిపోయాడు.

"జెండాలు ఏవి?"

ఆస్ట్రేలియాలో కాపలా ఉండే బీచిల్లో ఎరుపూ పసుపూ జెండాలు రెండు పాతుతారు. వాటి మధ్యనే దిగాలి. బళ్ళో అక్షరాలతో పాటు నేర్పే సంగతి ఇది. ఇక్కడ జెండాల్లేవు గనక వాడు దిగనంటాడు. మా పెదనాన్న కొడుకు "బావా, ఏటి వీడికి అంత భయం" అని మా ఆయనతో నవ్వబోయాడు. నాన్న మాత్రం నవ్వలేదు. "వాడు చెప్పిందే రైటు. ఇది మొగ. వశిష్ఠ వచ్చి కలిసేచోట ఇసక ఇవాళున్న చోట రేపుండదు" అన్నాడు. రెండు సరుగుడు పుల్లలు వెతికి తెచ్చి, ఒకదానికి తన కండువా, రెండోదానికి నా చున్నీ కట్టి, చీలమండ మునిగేచోట పాతాడు. పంచె పైకి దోపుకుని తనే మధ్యలో నిలబడ్డాడు. చిన్నదానికి ఇవేం పట్టలేదు, ఎర్ర పీతల బొరియల్లో వేళ్ళు పెడుతూ కూర్చుంది.

ఆఖరి సాయంత్రం అత్త వచ్చింది, నాలుగు గిన్నెల క్యారేజీతో. కాళ్ళు కడుక్కుని గదంతా తిరిగి, పరుపు నొక్కి చూసి, గీజరు వేయించి, అద్దె ఎంతని అడిగి నోటిమీద చెయ్యేసుకుంది. ఆ డబ్బుతో కొబ్బరి దింపించుకోవచ్చంది. పిల్లలకి పెరుగన్నం పెట్టి, వాళ్ళ పక్కనే నడుం వాల్చి, ఫ్యాను కింద తెల్లారేదాకా లేవలేదు.

పొద్దున్న కారెక్కుతూ మెల్లగా అడిగింది: "వచ్చే ఏడు కూడా కింది గదే చెప్పవే. నాకు మెట్లెక్కితే మోకాళ్ళు."