ఇల్లు చూపించే ఆ పదిహేను నిమిషాల్లో

రద్దీ నగరంలో కాస్త బాగున్న ఫ్లాట్ ఖాళీ అయిందని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా ఎవరో ఒకరు అడ్వాన్స్ ఇచ్చేస్తారు. ఆ భయంతోనే చాలామంది గుమ్మంలో నిలబడి టోకెన్ చేతిలో పెట్టేసి, సామాన్లు దింపుకున్నాక తల పట్టుకుంటారు. తొందరపడక తప్పదు. కానీ ఆ తొందరేదో ఇల్లు చూడ్డానికి బయల్దేరకముందే పడాలి. లెక్కలూ కాగితాలూ ముందే తెముల్చుకుంటే, లోపల ఉన్న ఆ పదిహేను నిమిషాలూ గోడలకీ కుళాయిలకీ ఇవ్వొచ్చు.

ముందు లెక్క. మెయింటెనెన్స్, పార్కింగ్, నీళ్లు, కరెంటు, రాకపోకలు కలిపితే వచ్చేదే అసలు అద్దె. బ్రోకర్‌కి ఒక నెల అద్దె ఇచ్చి ఏడాదికే ఖాళీ చేస్తే, నెలనెలా 8 శాతం పైగా ఎక్కువ కట్టినట్టే. రెండేళ్లుంటే అది 4 శాతం దగ్గరికి దిగుతుంది. దూరంగా చవకలో దొరికిందని సంబరపడేముందు ఇంకో లెక్క చూసుకోండి. ఆఫీసుకి ఒక్కోవైపు 40 నిమిషాలు అదనంగా పడితే, 22 పనిదినాలకి 29 గంటలు దాటిపోతుంది. అంటే నెలకి మూడున్నర పనిదినాల పైనే రోడ్డు మీద. తగ్గిన అద్దె ఆ పాటి చేస్తుందో లేదో ఎవరికి వారే తేల్చుకోవాలి.

గుర్తింపు కార్డు, మూడు నెలల జీతం స్లిప్పులు, ఉద్యోగం లెటర్ కలిపి ఒకే పీడీఎఫ్‌గా ఫోన్లో ఉంచుకోండి. ఒకే ఫ్లాట్ ఇద్దరికి నచ్చినప్పుడు ఓనర్లు కాగితాలు సిద్ధంగా ఉన్నవాళ్ల వైపే మొగ్గుతారు. యాప్‌లలో ఊరించే ఫ్లాట్లు కొన్ని ఎప్పుడో వెళ్లిపోయినవే, ఫోన్లు రావడం కోసం ప్రకటన అలాగే ఉంచుతారు. రెండు మూడు ఏరియాలు ఎంచుకుని కాలినడకన తిరిగి, వాచ్‌మన్‌లని అడగడం దీనికంటే నయం. 'ఖాళీ ఉందా' అని కాదు, 'వచ్చే నెల ఎవరైనా ఖాళీ చేస్తున్నారా' అని అడగాలి. నోటీసు ఇచ్చి ఇంకా బయటికి పొక్కని ఇల్లు ఆ ప్రశ్నకే దొరుకుతుంది.

ఇక ఇంట్లోకి. మొదట నీళ్లు. వెంట ఒక లీటరు సీసా తీసుకెళ్లండి, చూసేవాళ్లు నవ్వినా పర్లేదు. వంటింటి కుళాయి తిప్పి ఉంచి, బాత్రూమ్ కుళాయి కింద సీసా పెట్టండి. పది సెకన్లలో నిండితే నిమిషానికి 6 లీటర్లు వస్తున్నట్టు, బేఫికర్. ముప్పై సెకన్లు పడితే 15 లీటర్ల బకెట్‌కి ఏడున్నర నిమిషాలు, ఉదయం పూట ముగ్గురు స్నానాలు చేయాల్సిన ఇంట్లో అది నరకం. పై అంతస్తులో ఈ పరీక్ష మరీ ముఖ్యం. ట్యాంకు నెత్తి మీదే ఉంది కాబట్టి నీళ్లు బాగా వస్తాయనుకుంటారు గానీ జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. ట్యాంకుకీ కుళాయికీ మధ్య ఎత్తు ఎంత తక్కువైతే ప్రెషర్ అంత తక్కువ. ప్రెషర్ పంపు లేకపోతే అందరికంటే పై వాళ్లకే సన్నటి ధార.

తర్వాత చెమ్మ. ఇల్లంతా పాత పెయింటు ఉండి ఒక్క గోడకే కొత్తది వేసి ఉంటే ఆ గోడనే అనుమానించండి. బాత్రూమ్‌కి అవతలి వైపు గోడ అడుగుభాగం తడమండి. తెల్లటి ఉప్పులాంటి పొడి అంటినా, పెయింటు పొక్కులు లేచినా లోపల చెమ్మ ఉన్నట్టే. వార్డ్‌రోబ్ తలుపు తీసి వాసన చూడండి, కింది చెక్క ఉబ్బిందేమో చూడండి. గోడకి మళ్లీ రంగు వేయొచ్చు గానీ ఉబ్బిన చెక్కని దాచలేరు.

బాత్రూమ్ కంపు కొడుతుంటే వెంటనే వద్దనుకోకండి. చాలాకాలం వాడకపోతే నేల జాలీ కింద ట్రాప్‌లో, అంటే వాసనని అడ్డుకునే పైపు వంపులో, నిలవుండే నీళ్లు ఆరిపోయి పైపు వాసన పైకి వస్తుంది. రెండు చెంబుల నీళ్లు పోసి, మిగతా గదులు చూసి రండి. అప్పటికీ తగ్గకపోతే లోపం పైపుల్లోనే.

ఫోన్ చార్జర్‌తో ప్రతి సాకెట్టూ చూడండి. గీజర్, ఏసీ పెట్టే చోట వాటి లోడు తట్టుకునే సాకెట్ ఉందో లేదో చూడండి. లోపలి బెడ్‌రూమ్ తలుపు వేసుకుని ఒక కాల్ మాట్లాడండి. టేపుతో ద్వారబంధం, లిఫ్టు, మెట్ల మలుపు కొలవండి, మంచం గదిలో పట్టినా మలుపు తిరగకపోవచ్చు. నచ్చితే రాత్రి ఎనిమిది దాటాక ఇంకోసారి వెళ్లండి. పంపు మోత, లిఫ్టు మోత, పక్కింటి టీవీ అప్పుడే బయటపడతాయి.

చుట్టుపక్కల అద్దెలకంటే బాగా తక్కువ చెప్పి, ఓనర్ వేరే దేశంలో ఉన్నాడని, ఇల్లు చూడాలంటే ముందు కొంత పంపాలని అంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. అద్దెకున్నవాడే ఓనర్‌నని చెప్పి అడ్వాన్స్ పట్టుకుపోవడమూ ఉంది. కరెంటు బిల్లు మీద పేరు ఒక్కటే చాలదు, ఆస్తి పన్ను రసీదు, గుర్తింపు కార్డు కలిపి చూడండి. డబ్బు ఆ పేరున్న బ్యాంకు ఖాతాకే వేయండి.

అగ్రిమెంట్‌లో అద్దె కంటే ముందు లాక్-ఇన్, అంటే ఖాళీ చేయకుండా ఉండాల్సిన కనీస గడువు, చదవండి. నోటీసు నెలే అని రాసి, ఇంకో పేజీలో ఆరు నెలల లాక్-ఇన్ పెడితే, మధ్యలో వెళ్లేవాళ్లు మిగతా నెలల అద్దె కట్టాల్సి రావొచ్చు. ఖాళీ చేశాక డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, పెయింటింగ్ ఎవరిది, గీజర్ పాడైతే ఎవరు బాగు చేయించాలి, ఇవన్నీ కాగితం మీదికి రావాలి. 'మనలో మనకేంటండీ' అన్న మాట డిపాజిట్ కోత దగ్గర పనికిరాదు.

తాళాలు చేతికొచ్చిన రోజు, సామాన్లు దించకముందే, ప్రతి గదీ వీడియో తీసి మీటర్ రీడింగ్ ఫొటోతో పాటు ఓనర్‌కి పంపండి. పాత అద్దెవాళ్ల దగ్గర డూప్లికేట్ తాళంచెవి ఉండిపోయి ఉండొచ్చు కాబట్టి, ఓనర్‌ని అడిగి లాక్ సిలిండర్ (తాళంచెవి దూరే లోపలి భాగం) మార్పించుకోండి. పాతది మాత్రం పారేయకండి, ఖాళీ చేసే రోజు మళ్లీ బిగించి మీది మీరు పట్టుకుపోవచ్చు.