పొలిమేర దాటని ఈమ్ ఊరు

ఇంగ్లండ్‌లోని డార్బీషైర్ కొండల్లో ఉన్న ఈమ్ అనే చిన్న ఊరికి 1665లో, లండన్ నుంచి దర్జీ ఇంటికొచ్చిన బట్టల మూటతో ప్లేగు వచ్చిందంటారు. మరుసటి ఏడాది చర్చి పాస్టర్ విలియం మాంపెసన్, అంతకుముందు ఆ పదవి పోగొట్టుకున్న థామస్ స్టాన్లీ విభేదాలు పక్కనపెట్టి, రోగం పక్క ఊళ్లకు పాకకుండా పొలిమేర దాటొద్దని ఊరివాళ్లను ఒప్పించారు. సరిహద్దు రాయికి తొలిచిన గుంటల్లో, డబ్బు ద్వారా రోగం అంటకూడదని వెనిగర్ పోసి, అందులో నాణేలు వేసి వెళ్తే పక్క ఊళ్లవాళ్లు తిండి అక్కడ పెట్టి డబ్బు తీసుకునేవాళ్లు, ఆ రాయి ఇప్పటికీ ఉంది. ఎలిజబెత్ హాన్‌కాక్ అనే తల్లి 8 రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేతులతోనే పాతిపెట్టింది. నా మటుకు ఈ కథ పాస్టర్లకన్నా ముందు ఆమెదీ, అలాంటివాళ్లదీ. ఇప్పటికీ ఆగస్టు చివరి ఆదివారం, అప్పట్లో ఆరుబయట ప్రార్థనలు జరిగిన లోయలోనే ఊరంతా చేరి వాళ్లను తలుచుకుంటుంది. ఏటా ఆ ఆదివారం దగ్గర్లోనే బావుల దగ్గర బంకమట్టి పరిచిన పలకలపై పూలరేకులు అద్ది బొమ్మలు చేస్తారు.